కీళ్ళలో కనిపించేది కీళ్ళ జబ్బు మాత్రమే కాదు

మన ఇళ్ళలో కీళ్ళ నొప్పి అనగానే మొదట గుర్తుకు వచ్చేది నూనె సీసా. రెండవది వేడి కాపడం. మూడవది "వయసు మీద పడుతోంది, తప్పదు" అనే మాట. ముప్పయ్యేళ్ళకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను కూడా ఈ మూడింటినీ రోగులకు చెప్పినవాడినే. వాటిలో మొదటిది కొన్ని సందర్భాలలో తగదని శాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. మూడవది చాలా సందర్భాలలో నిజం కాదు. ఈ సంగతులు తెలిసి కూడా అలవాటు కొద్దీ చెప్పాను. అందువల్ల నష్టపోయినవారిలో మా అక్క ఒకరు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

2005 చివరలో మొదలై 2006లో మన ప్రాంతాన్ని ఊపివేసిన చికున్‌గున్యా జ్వరం పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గినా నొప్పులు నెలల తరబడి వదిలేవి కావు. అప్పటి నుండి "గున్యా నొప్పులు" అనే మాట మన వాడుకలో స్థిరపడిపోయింది. కడపలో ఉండే మా అక్కకు అప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఆమెకూ ఆ జ్వరం వచ్చింది, తగ్గింది. మరో ఆరు నెలలకు రెండు చేతుల మణికట్లు, వేళ్ళ మొదళ్ళలోని కణుపులు వాచాయి. పొద్దున్న లేచిన తరువాత గంటన్నర దాకా పిడికిలి బిగించలేకపోయేది. పొయ్యి మీది పాలగిన్నె దించడానికి బావగారిని పిలవవలసి వచ్చేది. ఫోనులో ఈ సంగతి చెబితే "గున్యా నొప్పులే అక్కా, ఏడాది పట్టవచ్చు, కాస్త ఓర్చుకో" అన్నాను. మహానారాయణ తైలం పంపాను. రాస్నాది కషాయం పంపాను. చెయ్యి పట్టుకుని చూడకుండానే ఇదంతా చేశాను.

అది ఆమవాతం. ఆధునిక వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పిలిచే వ్యాధికి మన శాస్త్రంలో చాలావరకు సరిపోలే వ్యాధి అదే.

చరక, సుశ్రుత సంహితలలో ఆమవాతానికి ప్రత్యేక అధ్యాయం లేదు. దానిని వేరొక వ్యాధిగా నిలబెట్టి తన నిదాన గ్రంథంలో ఒక అధ్యాయం కేటాయించినవాడు మాధవకరుడు. ఆయన కాలం సుమారుగా క్రీ.శ. 7, 8 శతాబ్దాల ప్రాంతం. ఆ అధ్యాయంలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విశేషం ఒకటున్నది. లక్షణాల వర్ణన వాచిన కీళ్ళతో ప్రారంభం కాదు. ఒళ్ళు నలిగినట్లుండడం, అరుచి, దప్పిక, బద్ధకం, శరీరం బరువెక్కడం, జ్వరం, అజీర్ణం ముందుగా వస్తాయి. తేలు కుట్టినట్లుండే కీళ్ళ నొప్పి వ్యాధి ముదిరిన దశలో చెప్పబడింది. నిద్ర పట్టకపోవడం, గుండె పట్టివేసినట్లుండడం కూడా అక్కడే ఉన్నాయి. అంటే ఆయన దృష్టిలో ఇది సర్వశరీర వ్యాధి. అగ్ని మందగించినందున పక్వం కాని అన్నరసం, అంటే ఆమం, వాతంచే ప్రేరేపించబడి శ్లేష్మ స్థానాలకు చేరుతుందని సిద్ధాంతం. శ్లేష్మ స్థానాలంటే కీళ్ళు మాత్రమే కావు. ఉరస్సు, కంఠం, శిరస్సు, ఆమాశయం కూడా శ్లేష్మ స్థానాలే.

ఈ మాట చెప్పినందుకు, ఆధునికులు కనిపెట్టినదంతా మన పూర్వులకు ముందే తెలుసునని నేను వాదిస్తున్నట్లు పాఠకులు భావించవద్దు. ఆ వాదం నాకు నచ్చదు. ఆమం వేరు, నేటి ప్రయోగశాలలో కొలిచే పదార్థాలు వేరు. అయితే కీళ్ళకే పరిమితమైన జబ్బుగా చూడకూడదన్న చూపు మాత్రం మాధవకరునిలో ఉన్నది. ఇంగ్లీషు పేరే ఆ చూపును కొంత మరుగుపరిచింది. 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ అనే ఆంగ్ల వైద్యుడు పెట్టిన ఆ పేరులో "కీళ్ళ శోథ" అన్న అర్థమే ప్రధానం. అప్పటి నుండి రోగి, రోగి బంధువులు, ఒక్కోసారి వైద్యుడు కూడా కీళ్ళ వంకే చూస్తున్నారు.

శరీరానికి దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా ఆ చోట ఎర్రబారడం, వేడెక్కడం, వాయడం, నొప్పి పుట్టడం మనకు తెలిసినవే. దీనినే శోథ అంటాము. ఇది శరీరం తనను తాను కాపాడుకునే ప్రయత్నం. పని పూర్తి కాగానే చల్లారిపోవాలి. కొందరిలో శత్రువు లేకపోయినా ఈ యుద్ధం ఆగదు. వ్యాధినిరోధక వ్యవస్థ సొంత శరీరాన్నే పరాయిదని భ్రమించి, కీలు లోపలి పలుచని పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర దళసరి అయి, మృదులాస్థిని, ఎముకను తినివేస్తుంది. ఆ యుద్ధంలో పుట్టే రసాయన సంకేతాలు కీలులోనే ఉండిపోవు. రక్తంలో కలిసి ఊరంతా తిరుగుతాయి. వాటిని అందుకున్న కాలేయం సి.ఆర్.పి. అనే మాంసకృత్తిని అధికంగా తయారు చేస్తుంది. వేలి కణుపు వాచిన సంగతి చేతి నుండి తీసిన రక్తపు చుక్కలో కనిపించడానికి కారణం ఇదే. కాలేయానికి తెలిసిన వార్త మిగిలిన అవయవాలకు తెలియకుండా ఎలా ఉంటుంది?

మా అక్క సంగతే చెబుతాను. రెండవ ఏడు ఆమెకు నీరసం మొదలయింది. రక్తం తక్కువగా ఉన్నదని ఇనుము మాత్రలు ఇచ్చారు. ఆరు నెలలు మింగినా హిమోగ్లోబిన్ కదలలేదు. ఆడవారికి ఇది మామూలేనని అందరూ అన్నారు. దీర్ఘకాలం శోథ ఉన్నవారిలో కాలేయం హెప్సిడిన్ అనే మరొక పదార్థాన్ని కూడా ఎక్కువగా విడుదల చేస్తుంది. అది శరీరంలోని ఇనుమును నిల్వలలోనే బంధిస్తుంది. కొట్లో ధాన్యం ఉన్నా తాళం పడితే వంటింటికి గింజ రాదు కదా! అటువంటి రోగికి మాత్రల మీద మాత్రలు వేసినా, తోటకూర, ఖర్జూరాలు తినిపించినా ఫలితం అంతంతమాత్రమే. శోథ తగ్గితేనే తాళం తెరుచుకుంటుంది. రెండు కారణాలూ కలిసి ఉన్నవారు కూడా ఉంటారు కాబట్టి, రక్తహీనత ఎందువల్ల వచ్చిందో తేల్చకుండా నెలల తరబడి ఇనుము మింగించడం సరికాదని నా అభిప్రాయం.

తరువాత కళ్ళు. ఇసుక పడినట్లు గరగర, మంట. కంటి వైద్యుడు చుక్కల మందు ఇచ్చాడు. కన్నీటి గ్రంథులను, లాలాజల గ్రంథులను కూడా ఈ వ్యాధి ఎండబెడుతుంది. కొందరిలో కంటి తెల్లగుడ్డుకే శోథ వచ్చి, ఎర్రబడి, తీవ్రమైన నొప్పి పుడుతుంది. అది చూపుకే ప్రమాదం. ఆ తరువాత పొడి దగ్గు, మేడమెట్లు ఎక్కితే ఆయాసం వచ్చాయి. దగ్గుకు సిరప్పు ఇచ్చారు. నేను తాలీసాది చూర్ణం పంపాను. ఊపిరితిత్తుల గోడలలో శోథ వచ్చి అవి గట్టిపడుతున్నాయని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

కంటికి ఒకరు, రక్తానికి ఒకరు, దగ్గుకు ఒకరు, కీళ్ళకు తమ్ముడైన నేను. నలుగురమూ మా మా పని చేశాము. నాలుగు జబ్బులకు వైద్యం జరిగింది కాని, ఉన్న ఒక్క జబ్బుకు జరగలేదు.

అందరికంటె నిశ్శబ్దంగా దెబ్బతినేది గుండె. ఎడతెగని శోథ రక్తనాళాల లోపలి పొరను పాడు చేసి కొవ్వు పేరుకోవడానికి దారి తీస్తుంది. ఈ వ్యాధి ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే ప్రమాదం మిగిలినవారికంటె సుమారు ఒకటిన్నర రెట్లని నిపుణుల లెక్క. రక్తపోటు, చక్కెర, పొగతాగే అలవాటు ఉంటే దానికి తోడవుతాయి. మణికట్టు వద్ద నరం నలిగి రాత్రివేళ వేళ్ళు తిమ్మిరెక్కడం, ఎముకలు గుల్లబారడం, మోచేతుల వద్ద గట్టి కాయలు రావడం, మెడలోని పై ఎముకలు పట్టు తప్పడం కూడా ఈ జాబితాలోనివే. మెడ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చాలా ఏళ్ళుగా ఆమవాతం ఉన్నవారి మెడను మంగలి దుకాణంలోనో, మాలిష్ చేసేవారి దగ్గరో విరిపించడం ప్రాణాంతకం కావచ్చు.

ఇటువంటి స్వభావం ఆమవాతం ఒక్కదానిదే కాదు. పాతికేళ్ళ యువకునికి నెలల తరబడి తెల్లవారుజామున నడుము పట్టేసి, లేచి తిరిగితే సడలుతుంటే, మధ్యలో ఒకసారి కన్ను ఎర్రబడి నొప్పి పెడితే, ఆ రెండూ వెన్నెముక శోథకు చెందిన ఒకే కథ కావచ్చు. సోరియాసిస్ ఉన్న కొందరికి చర్మంతోపాటు వేళ్ళ కీళ్ళూ వాస్తాయి. పేగులలో శోథ ఉన్నవారికి కళ్ళు, కీళ్ళు బాధపడతాయి. లూపస్ అనే వ్యాధిలో ముఖం మీది ఎర్రమచ్చలను చూసి సబ్బు మార్చుకుంటారు. లోపల మూత్రపిండాలు దెబ్బతింటుంటాయి.

మళ్ళీ అక్క దగ్గరకు వస్తాను. 2008లో ఎవరో బంధువులు కాగితపు పొట్లాలలో ఒక చూర్ణం తెచ్చి ఇచ్చారు. సీసా లేదు, పేరు లేదు, తయారు చేసినవారి చిరునామా లేదు. వారం తిరిగేసరికి నొప్పులు మాయం! మూడు నెలల్లో ఆమె ముఖం గుండ్రంగా నిండింది. "అక్కయ్యకు ఒళ్ళు వచ్చింది, మందు పట్టింది" అని చుట్టాలు సంతోషించారు. వాపును చూసి బలుపు అనుకోవడం అంటే అక్షరాలా ఇదే. అటుపిమ్మట చక్కెర పెరిగింది, ఒంటి మీద చిన్న దెబ్బకే నల్లగా కమలడం మొదలయింది. స్టెరాయిడ్ కలిసిన మందు తిన్నవారిలో కనిపించే లక్షణాలివి. పొట్లాలు అయిపోగానే నొప్పులు రెట్టింపయి ఆమె మంచం పట్టింది.

స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఆమవాత రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు మంచానికి అంటుకుపోయిన మనిషి లేచి నడిచింది. 1950లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. దాని దుష్ఫలితాలను కూడా ఆ వైద్యులే త్వరలో గుర్తించారు. వైద్యుని పర్యవేక్షణలో, తక్కువ మోతాదులో, కొద్దికాలం వాడవలసిన మందు అది. ఎక్కువ రోజులు వాడినదాన్ని ఒక్కసారిగా మానకూడదు. చెప్పకుండా పొట్లంలో కలిపి ఇచ్చేవారు రోగికి ఈ రెండు జాగ్రత్తలనూ లేకుండా చేస్తున్నారు. పైగా దానికి ఆయుర్వేదమని పేరు పెడుతున్నారు. మా వృత్తికి ఇంతకంటె పెద్ద అవమానం లేదు. పేరు, పాళ్ళు, తయారీ లైసెన్సు వివరాలు లేని మందు ఎంత గొప్పగా పనిచేసినా ఇంట్లోకి రానివ్వకండి. రెండు రోజుల్లో మంత్రం వేసినట్లు పనిచేస్తే మరింత అనుమానించండి.

2010లో ఆయాసం ఎక్కువై హైదరాబాదులో ఛాతీ వైద్యునికి చూపించాము. చిన్నవాడు. నాడి చూడడానికి అక్క చెయ్యి పట్టుకున్నవాడు వెంటనే వదలలేదు. వేళ్ళను ఒక్కొక్కటిగా నొక్కి చూశాడు. "అమ్మా, ఈ వేళ్ళు ఎన్నేళ్ళ నుండి ఇలా ఒక పక్కకు వంగి ఉన్నాయి?" అని అడిగాడు. పక్కనే నిలుచున్న నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. యాంటీ సి.సి.పి. పరీక్ష చేయించి, ఊపిరితిత్తుల స్కానింగు తీయించి రుమటాలజిస్టు దగ్గరకు పంపాడు. వారు ఆమె ఊపిరితిత్తుల స్థితిని చూసుకుని మందులు నిర్ణయించారు. అప్పటికి నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఎముక అరిగిపోయాక ఏ మందూ దానిని తిరిగి తీసుకురాలేదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు చేతుల చిన్న కీళ్ళు వాచి, పొద్దుటి బిగుతు అరగంట దాటి ఉంటూ, ఆరు వారాలైనా తగ్గకపోతే అది గున్యా అని, వయసు అని, వాతమని ఇంట్లోనే తేల్చుకోవద్దు. ఇది పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. నడివయసులో మొదలవడం సాధారణం. మన ఇళ్ళలో ఓర్చుకునేది కూడా వారే. రక్తపరీక్షలలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ లేదన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. అయిదుగురిలో ఒకరికి పైగా రోగులలో అది కనిపించదు. ముసలితనంలో మోకాలు అరిగి వచ్చే సంధివాతం వేరు. దానిలో పొద్దుటి బిగుతు కాసేపట్లో సడలుతుంది. దానికి నూనె మర్దన మేలే చేస్తుంది.

ఆమం ఉన్న వాపు మీద మాత్రం నూనె పోయవద్దని మన శాస్త్రమే అంటున్నది. లంఘనం, రూక్ష స్వేదం, దీపన ద్రవ్యాలు ముందు, స్నేహ చికిత్స తరువాత. వేయించిన ఇసుకను గుడ్డలో మూటకట్టి పొడిగా కాచడం అందుకే చెప్పారు. కీలు ఎర్రగా, ముట్టుకుంటే చురుక్కుమనేలా ఉన్నప్పుడు అది కూడా వద్దు. శొంఠి కషాయం, తేలికైన రాత్రి భోజనం, విరేచనం సాఫీగా ఉండేలా చూసుకోవడం మంచివే. ఆముదం సేవనం వైద్యుని అడిగి చేయాలి. గర్భిణులు అసలు తీసుకోరాదు. పథ్యంలో ఒక చోట నేను శాస్త్రంతో విభేదిస్తాను. పాలు, పెరుగు, చేపలు పూర్తిగా మానాలని గ్రంథాలు చెబుతాయి. బక్కచిక్కి, ఎముకలు గుల్లబారుతున్న ఆడమనిషికి ఆ మూడూ మాన్పిస్తే మిగిలేది ఏమిటి? పలుచని మజ్జిగ, తిననలవాటున్నవారికి కూర వండిన చేప నేను ఇప్పుడు మాన్పించడం లేదు. చుట్ట, సిగరెట్టు మాత్రం ఒక్కరోజు కూడా ఉంచను. పొగాకు ఈ వ్యాధి రావడానికీ, ముదరడానికీ కూడా తోడ్పడుతుందని రుజువయింది. చిగుళ్ళ జబ్బుతోనూ దీనికి సంబంధం ఉన్నది కాబట్టి పంటి వైద్యునికి చూపించడం వృథా కాదు.

"మరి ఆయుర్వేదంతో తగ్గదా?" అని అడిగేవారికి ఒక సంగతి. కోయంబత్తూరులో 43 మంది రోగుల మీద ఆయుర్వేద చికిత్సను, మెథోట్రెక్సేట్ అనే మందును, రెండింటి కలయికను పోల్చి చూసిన అధ్యయనం 2011లో ప్రచురితమయింది. మూడు వర్గాలలోనూ ఫలితాలు దాదాపు సమానంగా కనిపించాయి. సంతోషించవలసిందే. అయితే అది చాలా చిన్న అధ్యయనం. అక్కడి చికిత్స అనుభవజ్ఞులైన వైద్యులు ఒక్కొక్క రోగికి విడిగా నిర్ణయించినది. దానిని చూపించి వంటింటి పసుపుతో ఆమవాతాన్ని నయం చేస్తామనడం న్యాయం కాదు. రుమటాలజిస్టు ఇచ్చిన మందు మానివేయమని చెప్పే వైద్యుని, ఆయన నావంటివాడే అయినా సరే, నమ్మవద్దు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. గర్భం ధరించదలచినవారు వాడకూడదు. మధ్య మధ్య రక్తపరీక్ష, కాలేయ పరీక్ష తప్పవు. దానితోపాటు మనం సొంతంగా మింగే చూర్ణాల సంగతి కూడా ఆ వైద్యునికి చెప్పాలి. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని అంగీకరించలేదు. ఆ వివాదం ఎలా ఉన్నా, కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండవలసిన రోగి దాచిపెట్టి తినడం మంచిది కాదు.

ఆధునిక వైద్యులకు కూడా ఒక మనవి. రోగి "కషాయం తాగుతున్నాను" అనగానే నవ్వవద్దు, కసరవద్దు. కసిరితే ఆమె కషాయం మానదు, చెప్పడం మానుతుంది.

అక్కకు ఇప్పుడు అరవై దాటాయి. వంగిన వేళ్ళు వంగినట్లే ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు కోడలు పెడుతుంది. ఊపిరితిత్తుల జబ్బు పెరగకుండా నిలిచింది. హిమోగ్లోబిన్, ఇనుము మాత్రలు లేకుండానే, పదకొండు దాటింది. కోడలు ఒక నోటుపుస్తకం పెట్టింది. కళ్ళు, దగ్గు, కాళ్ళ తిమ్మిరి, జ్వరం, వేసుకున్న మందు, నేను పంపిన కషాయంతో సహా ఏది జరిగినా తేదీ వేసి అందులో రాస్తుంది. ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా ముందు ఆ పుస్తకం బల్ల మీద పెడతారు. నలుగురు వైద్యులం చేయలేని పని ఆ ఇరవై రూపాయల పుస్తకం చేస్తున్నది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అక్క నా ముందు చెయ్యి చాపి, "వాపు లేదు, వేడి లేదు, నువ్వే పట్టుకుని చూడరా. ఇప్పుడైనా నూనె రాయవచ్చునా?" అని అడిగింది. ఒక్కొక్క కణుపూ నొక్కి చూశాను. తరువాత నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తెమ్మని కోడలికి చెప్పాను.